ఎవరి కదలిక

ఏడు అని లెక్కపెట్టుకుంటుండగా కరెంటు పోయింది. ముందు హాల్లో రెండు పవర్ మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి, గోడకు ఆనుకున్న పక్కింటివీ ఆగాయి, రోడ్డవతల ఎదురిళ్ళవీ ఆగాయి, వీధి మొత్తం గొంతు నొక్కినట్టు ఊరుకుంది. వెనక గదిలో చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్న కోమలి కడుపులో కదలిక కూడా ఆగింది. ఆ సంగతి ఆమెకు వెంటనే తట్టలేదు. చెయ్యి పొట్ట మీదే ఉంది, వేళ్ళు విప్పుకుని ఎనిమిది కోసం చూస్తున్నాయి, ఎనిమిది రాలేదు. ఫ్యాను రెక్కలు చివరి చుట్టు తిరిగి నిలబడ్డాయి. హాల్లో అత్త వనజాక్షి కరెంటోళ్ళను తిట్టడం వినిపించింది, ఆ తిట్టు ఎంత దగ్గరగా వినిపించిందంటే నగరిలో కాపురానికొచ్చిన నాలుగేళ్ళలో అత్త గొంతు ఇలా ఉంటుందని ఇప్పుడే తెలిసినట్టనిపించింది. గోడ గడియారంలో పదీ యాభై. కదులు. పదీ యాభై మూడు. కదలవే. చెమట మెడ వెనక నుంచి చాపలోకి దిగుతోంది. పదకొండు. పొట్ట నిండు కుండలా బరువుగా, నిమ్మళంగా, ఎవరిదో అన్నట్టు పక్కన పడి ఉంది. అప్పుడు కరెంటు వచ్చింది. మోటార్లు లేచాయి, పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది, నేల అదిరింది, ఆ అదురు చాపలోంచి తుంటి ఎముకలోకి, ఎముకలోంచి కడుపులోకి పాకింది, వేళ్ళ కింద ఒక తోపు తగిలింది. ఎనిమిది అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇది ఎవరిది?

ఇది మగ్గానిదైతే ఆ ఏడు ఎవరివి. నిన్నటి పది ఎవరివి, మొన్నటి పది ఎవరివి. తమ ఇంటి మగ్గం దెబ్బ, పక్కింటి మగ్గం దెబ్బ వేరువేరుగా పడుతున్నంతసేపు నేల సన్నగా వణుకుతుంది, రెండూ ఎప్పుడైనా ఒకేసారి పడితే లోపలి నుంచి ఎవరో మోకాలితో నెట్టినట్టు ఒక తోపు వస్తుంది. ఈ ఇంట్లో చెంబులో నీళ్ళు కూడా అలా ఉలిక్కిపడతాయి. ఆమె లెక్కపెట్టింది దాన్నేనా? రెండు రోజులుగా పదకొండు గంటల లోపలే పది కదలికలు అయిపోతున్నాయని, బిడ్డ హుషారుగా ఉందని మురిసిపోయింది. ఆదివారం మాత్రం నిజం. ఆదివారం మగ్గాలు ఆగి ఉన్నాయి, మొగుడు మురుగేష్ చెయ్యి పెట్టి చూసి, ఇదేంది ఈపొద్దే నేత పని నేర్చుకుంటా ఉండాదే అని నవ్వాడు. ఆదివారం ఉంది. ఇవాళ బుధవారం. రాత్రి పదికి మగ్గాలు ఆగాక ఒళ్ళు చాప మీద పడితే చచ్చిన నిద్ర, అప్పుడు కదిలిందో లేదో ఏ దేవుడికి తెలుసు. మరి ఈ తెల్లవారి మిద్దె మీద? అప్పుడు మగ్గాలు లేవు, చుట్టూ చల్లగా ఉంది, తను నీళ్ళ ట్యాంకు గోడ పట్టుకుని ఉంది. అప్పుడు కదిలిందా? గుర్తు రావడం లేదు. మోకాళ్ళు, నడుము, ఊపిరి, అన్నీ గుర్తున్నాయి. బిడ్డ ఒక్కటే గుర్తులేదు.

రోజూ పది కదలికలు వచ్చేదాకా లెక్కపెట్టమన్న ఆసుపత్రి నర్సు గ్రేసీ సిస్టరమ్మకు రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. బుధవారం టీకాల రోజు, ఆమె చుట్టూ ఏడుస్తున్న పిల్లలుంటారు. మురుగేష్ పడుగు నూలు చుట్టిన బీములు తేవడానికి పుత్తూరు వెళ్ళాడు, చేస్తే ఎత్తుతాడు, ఎత్తి అమ్మను అడుగు అంటాడు. అత్తకు చెప్పాలి. చెప్పడానికి లేవబోయి మళ్ళీ పడుకుంది. కడుపులో బిడ్డ కదలడం లేదని నోరు తెరిచిన ఆడదాన్ని ఈ లోకం మొదట అడిగేది ఒకటే ప్రశ్న, నువ్వేం చేశావు అని. బిడ్డకేమైందన్నది తర్వాత. నువ్వేం చేశావు, ఏం తిన్నావు, ఎక్కడ కూర్చున్నావు, దేన్ని దాటావు. చేసింది ఉందిగా ఈసారి. చూసినవాళ్ళు కూడా ఉన్నారు. తెల్లారి ఐదున్నరకు ట్యాంకు వెనక నిలబడి గోడను తోస్తూ సగం కూర్చుని సగం లేస్తుంటే, ఆరేసిన లుంగీ గుడ్డ తీయడానికి పక్క మిద్దె ఎక్కిన పోలేరమ్మ పిట్టగోడ మీదుగా చూసింది. రెండు నెలలుగా ఎవరి కంటా పడకుండా చేసుకుంటున్న కసరత్తును నిలబడి తీరిగ్గా చూసింది. చూసి, మెత్తగానే అడిగింది.

"ఏమ్మే కోమలీ, బిడ్డను ముందుగానే కిందికి దించుకుంటా ఉండావా?"

ఆ మాట ఇప్పుడు మగ్గం మోతలో కలిసి తిరుగుతోంది. దించుకుంటా ఉండావా, దించుకుంటా ఉండావా. నాడె ఇటు వచ్చినప్పుడు ఒకసారి, అటు పోయినప్పుడు ఒకసారి. ఆ పోలేరమ్మే నిన్న మధ్యాహ్నం తెగిన పోగు ముడెయ్యడానికి ఈ ఎనిమిదో నెల కడుపును మగ్గం చెక్కకు అదిమి, రెండు చేతులూ చాచి వంగిన కోమలిని చూసింది. నూలు బస్తాను కాలితో తోసి, చేత్తో ఈడ్చి గుమ్మం దాటించడం చూసింది. అప్పుడు ఏమీ దిగిపోలేదు. అప్పుడు పోలేరమ్మ అన్నది, పనిమంతురాలివి మే నువ్వు, అని. పది గంటలు మగ్గం ముందర నిలబడిన కాళ్ళు పనిమంతురాలి కాళ్ళు, అరగంట తన కోసం వంచిన కాళ్ళు కడుపు దించుకునే కాళ్ళు. ఇదే లెక్క ఈ వీధిలో. ఈ వీధిలోనే ఏమిటి, అన్ని వీధుల్లోనూ ఇదే.

గ్రేసీ సిస్టరమ్మ దగ్గర మొదటి రోజు తను కూడా నవ్వింది కదా. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో పదిమంది గర్భిణులను వరసగా నిలబెట్టి, తనే లావుపాటి ఒళ్ళేసుకుని, చీర కొంగు బొడ్డులో దోపుకుని, గోడకు చేతులానించి తోయమంది, నేల మీద కూర్చుని అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు ఆడించమంది. ఎవరూ కదలలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె, మా ఆయన చూస్తే డాన్సు నేర్చుకుంటున్నావా అంటాడని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకామె చేతులు పైకెత్తితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని రెండు చేతులూ చంకల్లో దాచుకుంది, ఆ చేతులతోనే పొద్దున పది బారల తడి గుడ్డ దండెం మీదికి విసిరి వచ్చింది. పొద్దన్నుంచి వంగేది లేచేదే కదా సిస్టరమ్మా, ఇంకా ఇదెందుకు అని అడిగింది ఎవరో కాదు, కోమలే. గ్రేసీ చేతులు దించి ఆమె వైపు తిరిగింది.

"మగ్గం నీ ఒళ్ళును వాడుకుంటాది. ఇది నీ ఒళ్ళును నువ్వు వాడుకునేది. తేడా తెలీకపోతే ఇంట్లో తొంగో పో."

కోపం వచ్చింది. బస్సులో అంతా ఆ మాట మీద కోపమే. మర్నాడు తెల్లారి, ఆ కోపంతోనే, మిద్దె ఎక్కి చూసింది. ట్యాంకు గోడ చల్లగా ఉంది. తోసింది. పది తోపులకు భుజాల్లోంచి ఏదో జారింది, పడుగు వదులు చేసినట్టు. నడుములో నాలుగు నెలలుగా మేకులా దిగి ఉన్న నొప్పి ఆ పూట కొంచెం పక్కకు జరిగింది. వారానికల్లా ఊపిరి పొట్ట అడుగుదాకా పోవడం తెలిసింది. అరగంట. ఆ అరగంటలో ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి మగ్గానికీ కాలూ చెయ్యీ కాదు. ఆ మాట ఎవరికి చెబితే అర్థమవుతుంది. ఒళ్ళు కదిలిస్తే ఒంటికి బాగుందని ఆడది చెబితే అది తిండి ఎక్కువై చెప్పినట్టే వింటారు.

తిరుపతిలో రూపశ్రీ చెబితే వేరు. రూపశ్రీ కోమలికి పిన్నమ్మ కూతురు, ఆరో నెల, అద్దాల గోడల గదిలో పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగుతున్న ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. దాన్ని వనజాక్షి మూడుసార్లు చూసింది, వచ్చినవాళ్ళకు చూపించింది, మారాణి మాదిరి ఉండాది, డాక్టరమ్మే దగ్గరుండి సేయిస్తాదంట అని. అప్పుడు కోమలి ధైర్యం చేసి, నేనూ చేస్తానత్తా అంది. నీకెందుకుమ్మే, నీకు రెండు మగ్గాలుండాయి కదా అంది వనజాక్షి. ఎగతాళి కాదు. మనసారానే అంది. బంతి ఉన్నవాళ్ళకు బంతి, మగ్గం ఉన్నవాళ్ళకు మగ్గం. అయితే ఆ రూపశ్రీ మాత్రం సుఖంగా ఉందా? మొన్న ఫోను చేసి, ఒకరోజు క్లాసు తప్పింది అక్కా, ఆపరేషన్ అయిపోతుందేమో, అందరూ నేను ఒళ్ళు వంచలేదనే అంటారు అని గొంతు వణికించింది. అక్కడ కదలకపోతే నేరం, ఇక్కడ కదిలితే నేరం. బోనులో మాత్రం ఎప్పుడూ ఆ పొట్టే.

మొదటి కడుపప్పుడు కోమలి కదలలేదు కూడా. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. మూడేళ్ళ కిందట నాలుగో నెలకే పుట్టింటికి, ఐరాలకు తీసుకుపోయి అమ్మ మంచం మీద కూర్చోబెట్టింది. నీళ్ళు ముంచుకోవద్దు, వంగొద్దు, వాకిలి దాటొద్దు. దువ్వెన కావాలన్నా తెచ్చిచ్చేది. నాయన సుబ్రమణ్యం తోట నుంచి వస్తూ రోజూ గుమ్మంలో నిలబడి, ఏం తల్లీ అని అడిగి, ఇంకేం అడగాలో తెలియక వెళ్ళిపోయేవాడు. కాళ్ళు వాచాయి. నులక అచ్చులు తొడల మీద పడి పోయేవి కావు. తెల్లవార్లూ పైకప్పు దూలాలు చూస్తూ, దూలం మీద బల్లి పాకితే దాని వెంట కళ్ళు పరిగెత్తించి, అదే తన నడక అనుకునేది. ఏడో నెలలో చిత్తూరులో స్కానింగు చేసిన డాక్టరు మిషను ఒకసారి ఆపి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. తర్వాత అమ్మను బయటికి పిలిచాడు. బిడ్డ కడుపులోనే పోవడానికి కారణం తెలియదని కాగితం మీద రాశారు. ఊరి ఆడవాళ్ళు ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. వచ్చి కూర్చుని కారణం వెతికారు, పేలు వెతికినంత ఓపికగా వెతికారు. చివరికి దొరికింది, మిట్టమధ్యాహ్నం తల విరబోసుకుని మంచం మీద కూర్చుందట. అమ్మ కూడా తల ఊపింది. విరబోసుకున్న జుట్టును అన్నారు, మధ్యాహ్నాన్ని అన్నారు, ఆమెను అన్నారు. మంచాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

పదకొండూ పది. లేచి కుండలో చల్లటి నీళ్ళు తాగింది, సిస్టరమ్మ చెప్పినట్టు. గుప్పెడు చక్కెర నోట్లో వేసుకుంది. కుడివైపు తిరిగి పడుకుంది, మళ్ళీ ఎడమకు. బిడ్డా అని పిలిచింది, పెదాలు కదిలాయి, మోతలో తన గొంతు తనకే వినపడలేదు. కడుపు వణుకుతూనే ఉంది. వణుకుతూనే ఉంది, అదే దుర్మార్గం, ప్రాణం ఉన్నట్టే వణుకుతోంది. వేలితో గట్టిగా పొడిచింది. లోపల ఏదో జరిగింది, లేదా మగ్గం జరిగింది. అయ్యా, ఈ ఒక్కసారి కదిలించు, ఇంకెప్పుడూ మిద్దె ఎక్కను, చేతులెత్తను, కాళ్ళు వంచను, చెప్పినచోట పడుంటాను అని లోపల ఎవరికో మాటిచ్చేస్తోంది. ఎవరికి? ఆ పెద్ద మనిషి ఎవరో, కరెంటులాగా ఎక్కడో కూర్చుని తీసేవాడూ ఇచ్చేవాడూ, వాడికి ఒక ఆడదాని అరగంట కావాలట. మాట సగంలో ఉండగానే తనకు తనమీదే అసహ్యం పుట్టింది. పోలేరమ్మ ఒక మాట అని మిద్దె దిగిపోయింది, ఆ మాటను పొద్దున్నుంచి తనే మోస్తోంది, ఇప్పుడు తనే పోలేరమ్మై కూర్చుంది. మంచం మీద పడుంటానని మాటిస్తోంది, మంచం సంగతి తెలిసి. ఇవ్వను. ఆ మాట వెనక్కి. కదిలితే కదలనీ, కదలకపోతే — ఆ చివర ఏముందో చూడ్డానికి మనసు పోలేదు, గుమ్మం దగ్గర నిలబడిపోయింది. వినాలి. ముందు వినాలి. ఈ మోతలో ఏ తల్లి మాత్రం ఏం వింటుంది.

గోడ పట్టుకుని లేచింది. హాల్లో వనజాక్షి రెండో మగ్గం మీదికి వంగి పోగులు చూసుకుంటోంది, తల నిండా దూది నుసి, నెరసిన జుట్టు ఎక్కడ మొదలైందో నుసి ఎక్కడ ఆగిందో తెలియదు. మోటార్ల మెయిన్ స్విచ్చి తలుపు పక్కన గోడకు ఉంది. నాలుగేళ్ళలో కోమలి దాన్ని తనంతట తాను ఎప్పుడూ ముట్టుకోలేదు. కిందికి లాగింది. రెండు మగ్గాలూ నేత మధ్యలో నిలిచాయి. కరెంటు పోయిందనుకుని వనజాక్షి తలెత్తింది, తిరుగుతున్న ఫ్యాను చూసింది, స్విచ్చి మీద కోడలి చెయ్యి చూసింది.

"ఏమ్మే. ఏమైందే."

"బిడ్డ కదల్లేదత్తా."

"నిన్న కదిలిందంటివే. లెక్క పెట్టుకుంటివి కదా."

"అది మగ్గందేమో అత్తా. కరెంటు పోయినప్పుడు ఏం లేదు. మగ్గం లేస్తే ఉండాది. నాకు తెలీలేదు." సగం చెప్పి సగం దాచడానికి ఇక ఓపిక లేదు. "పొద్దన్నే మిద్ది మీద ఎక్సర్‌సైజు సేసినా. రెండు నెల్లుగా సేస్తా ఉండా. మీకు సెప్పలేదు."

నువ్వేం చేశావు అనే ప్రశ్న రాకముందే జవాబు అత్త కాళ్ళ దగ్గర పడేసింది. ఇక తిట్టు రావాలి.  వనజాక్షి చేతిలో నూలు చుట్టిన కండె ఉంది, దాన్ని మగ్గం మీద పెట్టబోయి పెట్టలేక పట్టుకునే నిలబడింది. ఈమె తన కాన్పుల గురించి గొప్పగా చెప్పుకునే మనిషి, ఉమ్మనీరు పోయేదాకా మగ్గం దిగలేదని, ముడేసిన పోగు వదలకుండా మురుగేష్‌ను కన్నానని, ఈ కాలపు ఆడవాళ్ళకు ఒళ్ళు లేదని. ఇప్పుడు ఆమె చూపు కోడలి మొహం మీద లేదు. నేల మీద ఉంది. చెప్పులు లేని తన కాళ్ళను, కాళ్ళ కింద సన్నగా ఇంకా వణుకుతున్న గచ్చును చూస్తోంది. పక్కింటి మగ్గం ఆగలేదు కదా.

"మురుగేష్‌కి ముందర ఒకటి పొయింది నాకు," అంది. ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పని మాట. "ఆసుపత్రికి పొయిన పొద్దు గూడా కదులుతా ఉండాదనే సెప్పినా. డాక్టరమ్మ నన్ను తిట్టింది. నాలుగు దినాలైందంట పొయి. అబద్ధం సెప్తా ఉండావనింది. నేను అబద్ధం సెప్పలా కోమలీ. నాకు కదిలింది. మగ్గం ముందరే నిలబడుకోని ఉండా, నాకు కదిలింది."

ఎన్నేళ్ళు, ముప్పై ఒకటా, ముప్పై రెండా, అన్నేళ్ళూ ఆ నాలుగు దినాలు ఈ మనిషి ఎక్కడ దాచుకుందో, ఆ నుసి కింద, ఆ గొప్పల కింద. తనను అబద్ధాలకోరు అన్నది డాక్టరమ్మ, అప్పటి అత్త ఏమన్నదో, పోలేరమ్మలాంటి ఇంకెవరు ఏమన్నారో. ఎవరూ నేలను అడగలేదు.  వనజాక్షి కండె కర్ర మొదలుతో ఉమ్మడి గోడను కొట్టడం మొదలుపెట్టింది. సున్నం పెచ్చులు రాలాయి.

"పోలేరమ్మా, మగ్గం ఆపు."

అవతల నుంచి, మధ్యాహ్నం మళ్ళీ కరెంటు తీస్తాడు, ఇప్పుడు ఆపితే ఎట్ల, ఏం మునిగిపోయిందని అరుపు. బిడ్డ కదలిక తెలీలేదంట అని వనజాక్షి అరిచింది.  తర్వాత పోలేరమ్మ గొంతు, పొద్దన్నే సెప్పినా కదా ఆ ఎగురుళ్ళొద్దని, నా కంటితో సూసినా.

"నోరు మూసుకోని ముందు మగ్గం ఆపు."

ఆగింది. గచ్చు నిమ్మళించింది. రోడ్డవతల మగ్గాల మోత చెవిలో ఉంది, కానీ ఒంట్లో లేదు. వనజాక్షి మగ్గాల నడుమ నుసి తుడిచి, నేసిన లుంగీ గుడ్డ మడతలు పరిచింది. కోమలి ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. పక్కన చతికిలబడిన అత్త అరచెయ్యి పొట్ట మీద ఆనింది, గరుకు చెయ్యి, పోగులు కోసి కోసి గీతలు పడ్డ వేళ్ళు, చల్లగా ఉన్నాయి.  ఇది తన గుండె, కొట్టుకుంటోంది, ఇది కాదు. ఇది పేగుల్లో గాలి, ఇది కాదు. ఇది అత్త చెయ్యి వణుకు. కోమలి కళ్ళు మూసుకుంది, మూసుకుంటే చిత్తూరు డాక్టరు మిషను తుడుస్తున్నాడు, తెరిచింది. కదిలితే ఎగురుళ్ళు ఎగిరినా దేవుడు కాపాడాడంటారు, కదలకపోతే ఎగురుళ్ళే మింగాయంటారు, ఎటు పోయినా ఆ అరగంటను ఉరి తీస్తారు. తీయనీ. దాని తరఫున తర్వాత తగువు పడుతుంది. పదకొండూ ఇరవై ఐదు. పదకొండూ ఇరవై తొమ్మిది. ఇంకో అయిదు నిమిషాలు చూసి ఆసుపత్రికి పోవాలి, ఆటో దొరక్కపోతే నడిచే పోవాలి, నడవగలదు, ఈ కాళ్ళు నడవగలవని ఆమెకు తెలుసు. అప్పుడు ఎడమ పక్కటెముక కింద, ఎవరో నిద్రలో విసుగ్గా పక్కకు దొర్లినట్టు, ఒక మడమ ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా గీసుకుంటూ పోయింది. కోమలి ఊపిరి బిగబట్టింది. తను చెప్పకూడదు. తను ఇప్పటికి మూడు రోజులు తప్పు లెక్క పెట్టింది. అత్త మొహంలోకి చూసింది.

వనజాక్షి కళ్ళు పెద్దవయ్యాయి. పొట్ట మీద చెయ్యి తీయకుండా రెండో చేతి వేలు ఒకటి లేపింది.

"ఒకటి," అంది.

గోడ అవతల అలికిడైంది. పోలేరమ్మ గోడకు చెవి ఆనించుకునే ఉన్నట్టుంది.

"కదిలిందా? ఎయ్యొచ్చా మగ్గం?"

వనజాక్షి తల గోడ వైపు తిరిగింది, మెయిన్ స్విచ్చి వైపు తిరిగింది, అలవాటు. కోమలి ఆమె మణికట్టు పట్టుకుంది, చెయ్యి పొట్ట మీద నుంచి లేవకుండా. పడుకున్న చోటి నుంచే గోడకు వినిపించేటట్టు చెప్పింది.

"ఎయ్యొద్దు. ఇంకా తొమ్మిదుండాయి."